రిమార్కుల గడి

పర్లాకిమిడి కాలేజీలో పందొమ్మిదేళ్ళుగా
బాస్కెట్‌బాల్ స్కోరు పుస్తకం రాసేది నేనే.
అందుకని కమిటీలో నాకూ ఒక కుర్చీ వేశారు,
తలుపు పక్కన, ఫ్యాను గాలి తగలని చోట.

మినిట్స్ ఒడియాలో. గొణుగుళ్ళు తెలుగులో.
ఫారంలో గళ్ళు: గెలుపులు, ఓటములు, క్రమశిక్షణ.
అట్టడుగున రిమార్కులకి అగ్గిపెట్టంత జాగా.

పొట్నూరు దాలినాయుడు, కోచ్.
నాలుగేళ్ళలో ముప్పై ఎనిమిది ఆటలు,
పదకొండు గెలుపులు.
లెక్క నాదే.

ఉన్నది చెప్పాలి గదా:
జోన్ డిఫెన్సు ఆయనకి ఇప్పటికీ రాదు.
మధ్యాహ్నం బంతుల గదిలో
పాత వలల మూట మీద నిద్రపోతాడు.
చెల్లెలి కొడుకుని ఒక సీజనంతా ఆడించాడు,
వాడికి ఎడమచెయ్యి లేవదని
గేటు దగ్గర బఠాణీలమ్మే గున్నమ్మకీ తెలుసు.

ఇదీ రాయాలి మరి, ఏ గడిలోనో:
పలాస వాళ్ళొస్తే ఒడియాలో అరుస్తాడు,
కటకం వాళ్ళొస్తే తెలుగులో,
రెండూ తెలిసిన గుణుపురం వాళ్ళొస్తే సవరలో.
అవతలి జట్టులోనూ సవర కుర్రాళ్ళున్నారని
ఓడిపోయాక గుర్తొచ్చేది.
మనవాళ్ళు మాత్రం మూడు భాషలూ నేర్చేశారు,
తిట్టు ఎవరికి పడిందో తెలియాలని.

మొదట వచ్చినాయన విభూతి పాణిగ్రాహి.
పటియాలా డిప్లొమా, మెడలో రెండు ఈలలు.
అరగంట ఆడించాడు.
నిజం చెప్పొద్దూ, నేను పెన్ను మూత తియ్యడం మరిచాను.
అదే మన ఐదుగురేనా అనిపించింది.
భాష మాటేమిటని అడిగితే
వేళ్ళు మడిచి చూపించాడు, గుర్తులు చాలన్నాడు.
జీతం దాలినాయుడికి మూడింతలు అడిగాడు.
ప్రిన్సిపాల్ మహంతి గారు కళ్ళజోడు తుడుచుకున్నారు.

తర్వాత మాలతి గమాంగో,
సెరంగో నుంచి పొద్దుటి బస్సులో.
దాలినాయుడి దగ్గర ఆడిన పిల్లే.
మగపిల్లల జట్టుకి ఆడమనిషా అని ఒకరు ఒడియాలో అన్నారు,
ఇంకొకరు తెలుగులో నవ్వారు.
ఆమె బంతి అడగలేదు, స్పానరు అడిగింది.
తూర్పు రింగుకి ఒక బోల్టు వదులు.
ఆరేళ్ళుగా వదులు. అందరం చూస్తూనే ఉన్నాం.
"మీ గురువు గురించి చెప్పమ్మా."
"పివట్ నేర్పింది ఆయనే.
ఆఖరి క్వార్టర్లో నన్నొక్కసారీ దించనిదీ ఆయనే,"
అంది, బోల్టు బిగిస్తూనే.

ఫారం నా ముందుకి జరిగింది.

మొన్న జనవరిలో గుణుపురంతో ఆట.
అరవై ఒకటి, అరవై రెండు.
ఆ ఒక్క పాయింటు మీదే పుట్టింది ఈ కమిటీ.
ఫ్రీ త్రో పడితే పుస్తకంలో చుక్క పెట్టాలి.
మూడో క్వార్టర్లో
దుంపల భాస్కరం వేసిన రెండో త్రో
గాల్లో ఉండగా కరెంటు పోయింది.
జనరేటరు అందుకున్నాక
రెఫరీ నా బల్ల వైపు తిరిగాడు.
చూళ్ళేదన్నాను.
నిజమే, చూళ్ళేదు.
విన్నాను. వల చిన్నగా అన్నది.

ఆ చుక్క ఉంటే గెలిచేసేవాళ్ళం కాదు.
ఇంకో ఐదు నిమిషాలు ఆడేవాళ్ళం, అంతే.

ఆ రాత్రి దాలినాయుడు పుస్తకం అడిగి తీసుకున్నాడు.
ఆ వరుస మీద వేలు పెట్టి చాలాసేపు ఉంచాడు.
"నీ అంకెలు బావుంటాయిరా" అని
పుస్తకం మూసి ఇచ్చేశాడు.

ఓటు మాలతికే వేశాను. అది వేరే సంగతి.
రిమార్కుల గడిలో పెన్ను ఆనించి
ఏం రాయాలో తెలీక
అలాగే ఉంచాను.
ఇంకు ఊరి, కాగితం పీల్చుకుని
ఒక చుక్కయింది.

మరక పడిందని
గుమస్తా ఇంకో ఫారం ఇచ్చాడు.